మొగిలి చేతులు భుజం దాటిన పొద్దు

మొగిలిని మొదటిసారి చూసినవాళ్లు ఈ మనిషేం ఆడతాడు గోల్ఫు అనుకుంటారు. అనుకోనీ. పొట్టి మనిషి, మెడ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, నడిస్తే నేలమీద సూది పారేసుకున్నవాడిలా ముందుకు వంగి నడుస్తాడు. పైగా కాళ్లకు బొగ్గుబాయి బూట్లు. కానీ చొక్కా చేతులు పైకి మడిచినప్పుడు ఆ ముంజేతులు చూడాలి. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు ఎత్తిన చేతులు అవి. కండలంటే అద్దం ముందు నిలబడి పెంచుకునేవే అనుకునే ఈ కాలపు పోరగాళ్లు ఒకసారి వచ్చి చూసిపోతే వాళ్లకే మంచిది.

పుట్టింది చెన్నూరు అవతల, గోదావరి ఇసుకలో పుచ్చకాయలు పండించే ఇంట్లో. మీసం మొలిచీ మొలవకముందే బొగ్గుబాయి పనికి వచ్చాడు. ఫిల్లరు పని. ఫిల్లరంటే పెద్ద హోదా ఏమీ కాదు. పేల్చిన బొగ్గును వెడల్పాటి పారతో తట్టలోకి, తట్టలోంచి పట్టాల మీది టబ్బులోకి ఎత్తాలి. ఆ పారను అక్కడ చెమ్మస్ అంటారు. నిటారుగా నిలబడి ఎత్తమంటే ఎవరైనా ఎత్తుతారు. మొగిలి దిగిన బాయిలో బొగ్గు పొర సన్నం. కప్పు, అంటే నెత్తిమీది రాయి, మొగిలంత పొట్టివాడికే తగిలేది. పొడుగువాళ్లు నడుములు పట్టుకుని వేరే బాయిలకు మార్పించుకున్నారు. మొగిలి ఉండిపోయాడు.

మొదటి ఏడాది చెమ్మస్ పట్టిన చెయ్యి భుజం దాటినప్పుడల్లా పిడికిలి రాయికి కొట్టుకుని తోలు లేచిపోయేది. ఇంటికొచ్చి అన్నం కలుపుకోలేకపోయేవాడు. భార్య నాగవ్వ ముద్దలు చేసి నోట్లో పెట్టేది. ఉత్తగా పెడితే ఆమె నాగవ్వ ఎందుకవుతుంది? పెట్టిన ప్రతి ముద్దకూ ఒక తిట్టు.

"గా రాయికి నీకు పాతపగ ఏమన్న ఉన్నదా? రోజు పోయి దాన్ని గుద్దొస్తవు."

"నేను గుద్దుతలేనే. అదే గుద్దుతుంది."

"అయితె రేపు నన్ను తోలుకపో. దాని సంగతి నేను జూస్త."

తర్వాత చేతులు నేర్చుకున్నాయి. భుజం దాకా లేచి ఆగిపోవడం వాటికి అలవాటైంది. పిడికిళ్ల మీద కొత్త తోలు వచ్చింది. ఆ సంగతి మొగిలీ మరిచిపోయాడు, నాగవ్వా మరిచిపోయింది.

బాయిలోకి యంత్రాలు దిగాక తట్టా చెమ్మసూ మూలన పడ్డాయి. అప్పటికి మొగిలి నడుము కూడా మొండికేసింది. కంపెనీ వాళ్లు అతన్ని పైకి తెచ్చి ఆఫీసర్ల క్లబ్బు వెనక ఉన్న గోల్ఫు మైదానంలో పనికి పెట్టారు. గోల్ఫు మైదానమంటే టీవీలో కనిపించే పచ్చటి పరుపు అనుకోవద్దు. తుమ్మచెట్లు, బొగ్గు దుమ్ము, ఎండాకాలం వస్తే అరచెయ్యి దూరేంత నెర్రెలు. బంతి పడాల్సిన గుంతల చుట్టూ గడ్డి బతకదు కాబట్టి నూనె కలిపిన ఇసుక పరుస్తారు. ఆ ఇసుకను లాగి చదును చెయ్యడం మొగిలి పని. సార్లు వెళ్లిపోయాక ఎవరో పారేసిన వంకర కర్ర పట్టుకుని తనూ నాలుగు బంతులు కొట్టేవాడు. బంతి మనిషి మోకాలెత్తు కూడా లేచేది కాదు, కానీ గీత గీసినట్టు నేరుగా పోయేది.

అట్లా కొడుతుండగా మమతారాణి చూసింది. మెట్‌పల్లి పిల్ల, కంపెనీలో సర్వే ఆఫీసరు. చదువుకునే రోజుల నుంచి గోల్ఫు ఆడిన చెయ్యి. కంపెనీలో కొన్ని బాయిలు కలిపితే ఒక ఏరియా. ఆ ఏరియా జట్టుకు ఆమే కెప్టెను. కంపెనీలో ఏటా చలికాలం ఏరియాల మధ్య ఆటలు జరుగుతాయి. గోల్ఫు జట్టులో ఒక కార్మికుడు తప్పకుండా ఉండాలని నియమం. ఆ చోటు చాలా ఏళ్లుగా కుమారస్వామిది. హాజరు రాసే టైం ఆఫీసులో గుమాస్తా, మంచి ఒడ్డూ పొడుగూ, బంతిని కొడితే కంటికి ఆనదు. ఈసారి ఇద్దరినీ ఆడించి చూస్తామని మమతారాణి ప్రకటించింది. ఎవరు తక్కువ దెబ్బలతో ఆట ముగిస్తే వాళ్లు జట్టులో.

మొగిలికి మిగిలింది ఈ ఒక్క ఏడాదే. వచ్చే చలికాలానికి అతను రిటైరు. రిటైరైనవాడికి జట్టులో చోటు లేదు.

"గీ వయసుల గీ కోరికేందయ్యా?" అని నాగవ్వ అడిగింది.

"ముప్పై ఏండ్లు షిఫ్టుకు పేరు పిలిస్తె ఉన్న అని చెప్పిన. ఆటకు పిలిస్తె ఎట్లుంటదో ఒక్కసారి ఇనాలె."

తెల్లారి నాగవ్వ తిట్టకుండానే సద్ది కట్టి పంపింది. ఆమె తిట్టకపోవడం వాళ్లుండే కార్మికుల కాలనీలో పెద్ద వార్తే.

మమతారాణి నేర్పడం మొదలుపెట్టింది. మొదటి రోజే తప్పు పట్టుకుంది. మొగిలి బంతిని కొట్టడం లేదు, ఎత్తుతున్నాడు. చెమ్మస్ నేర్పిన విద్య అది. కర్ర కిందికి రాగానే మణికట్టు మలిచి బంతిని టబ్బులోకి వేస్తున్నట్టు పైకి విసిరేవాడు. అట్లా విసిరితే కర్ర అంచు బంతి నడుముకు తగిలి బంతి నేలబారున పోతుంది.

"కాకా, బంతిని నువ్వు లేపొద్దు. కర్ర మొహమే వంపుగ ఉన్నది, అదే లేపుతది. నువ్వు కిందికి కొట్టు."

"కిందికి కొడితె పైకి ఎట్ల పోతది మేడమ్?"

"పోతది. నన్ను నమ్ము."

"బాయిల దించేటప్పుడు గూడ గట్లనే అన్నరు," అని గొణుక్కుంటూ కొట్టాడు. బంతి తుమ్మచెట్టు కొమ్మలు దాటి అవతల పడింది. మొగిలి కర్రను తిరగేసి చూశాడు. మళ్లీ బంతి పడిన చోటు చూశాడు.

"ఇదేం మాయనే బిడ్డా!"

ఆ రోజు నుంచి ఆమె మేడమ్ కాదు, బిడ్డ.

మిగిలిన పాఠమంతా చేతుల గురించే. ఎడమ చెయ్యి చాపి ఉంచాలి. ఇనుప కడ్డీలా బిర్రబిగించకూడదు, బట్టలారేసే తీగలా లాగి ఉంచాలి. కుడి మోచెయ్యి పక్కటెముకల దగ్గర మడవాలి. ఛాతీ పక్కకు తిరుగుతుంటే చేతులు దాని వెంట లేవాలి, తమంతట తాము ఎగరకూడదు. కిందికి వచ్చేటప్పుడు ముందు నడుము కదలాలి, చేతులు దాని వెనకాల రావాలి. ఈ చివరి మాట దగ్గర పెద్ద పెద్ద సార్లే తడబడతారు. బంతి కనబడగానే చేతులతో బాదేస్తారు. మొగిలికి మాత్రం అది ఒక్క పూటలో వచ్చేసింది. బలం చేతుల్లో పుడుతుందని నమ్మేవాడు ఫిల్లరు పనిలో ఒక్క షిఫ్టు కూడా నిలవడు. కాళ్లలోంచి నడుములోకి, నడుములోంచి చేతుల్లోకి దాన్ని తెచ్చుకోవాలి. మొగిలి ఒంట్లో ఆ దారి ఎప్పుడో పడి ఉంది.

ఇన్ని వచ్చినవాడికి ఒక్కటి రాలేదు. కర్ర వెనక్కి ఎత్తితే చేతులు భుజం దాటి తలెత్తుకు పోవాలి. మొగిలి చేతులు భుజం దగ్గరే ఆగిపోయేవి. సగం ఎత్తితే సగమే దూరం. మైదానంలో చివరి గుంతకు ముందు పెద్ద మడుగు ఉంది. బాయిలోంచి తోడిపోసిన నీళ్లు అక్కడ నిలుస్తాయి. కుమారస్వామి దాన్ని ఒక్క దెబ్బకు దాటిస్తాడు. మొగిలి చుట్టూ తిప్పి కొట్టుకోవాలి, అంటే ఒక దెబ్బ ఎక్కువ. ఆ ఒక్క దెబ్బతో జట్టులో చోటు పోతుంది.

"ఇంక పైకి పోనియ్యి కాకా."

"పోనిచ్చిన గదా. నాకైతె సుక్కలు తగిలినట్టున్నది."

మమతారాణి ఫోనులో వీడియో తీసి చూపించింది. చేతులు చక్కగా భుజం దగ్గర, పోలీసు ఆపినట్టు ఆగి ఉన్నాయి. మొగిలి నమ్మలేదు. ఆ ఫోనులో ఉన్నవాడు వేరే ఎవరో అన్నట్టు చూశాడు. భుజం పట్టేసిందేమోనని ఆస్పత్రికి పంపితే అక్కడి డాక్టరు చేతిని అన్ని వైపులకూ తిప్పి చూసి, ఇంత మంచి భుజాన్ని నా దగ్గరికెందుకు తెచ్చావని పంపేశాడు. నిజమే, ఖాళీ చేతులు లేస్తున్నాయి. చేతిలోకి కర్ర వస్తేనే ఆగుతున్నాయి.

కుమారస్వామికి ఇది పండగైంది. "మొగిలన్నా, సగం కొట్టి సగం రేపటికి దాసుకుంటున్నవా?" అని అరిచేవాడు. మాటకు మాట అనే అలవాటు మొగిలికి లేదు. ఇంట్లో ఆ పని చూసుకునే మనిషి వేరే ఉంది కదా.

ఆ మనిషే ఒకరోజు సద్ది గిన్నె పట్టుకుని మైదానానికి వచ్చింది. తన భర్త దేనికి ఇంత పరేషాన్ అవుతున్నాడో చూద్దామని కంచె పట్టుకుని నిలబడింది. గోల్ఫు ఆమె చూడటం అదే మొదటిసారి. కాసేపు చూసి, ఆట మొత్తం మీద తన తీర్పు చెప్పేసింది.

"గింత బంతిని గంత దూరం కొట్టుడెందుకు, మళ్ల నడుసుకుంట పోయి ఎతుక్కునుడెందుకు? దగ్గర్నే ఉంచుకోరాదు?"

మమతారాణి నవ్వింది. మొగిలి నవ్వకుండా కర్ర ఎత్తాడు. భుజం దాకా వచ్చి చేతులు ఆగాయి. బంతి మడుగులో పడి బుడుంగుమంది. ఇంకొకటి పెట్టాడు. అదీ బుడుంగే.

"ఓ ప్రవళిక బాపూ!" అని నాగవ్వ కంచె మీంచి కేకేసింది. ప్రవళిక వాళ్ల కూతురు, పెద్దపల్లిలో కాపురం ఉంటుంది. "ఏందది? పోతవు పోతవు, గాడికొచ్చి ఆగుతవు. నెత్తి మీద ఏమున్నది, బాయి కప్పున్నదా?"

పక్కనే బంతులు కొట్టుకుంటున్న కుమారస్వామి పగలబడి నవ్వాడు. మమతారాణి కూడా నవ్వబోయి, మొగిలి ముఖం చూసి ఆగింది.

మొగిలి తల వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు. పైన ఏముంటుంది? ఎండ ఉంది. అతను తన పిడికిళ్లు చూసుకున్నాడు. మళ్లీ పైకి చూశాడు. కర్రను తలకిందులుగా పట్టుకుని, చేతులు మెల్లగా, చాలా మెల్లగా పైకెత్తి గాలిలో పొడిచాడు. ఒకసారి ముందు, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు.

బాయిలో దిగినవాళ్లకు అదేంటో తెలుసు. పనిలోకి దిగేముందు కర్రతో కప్పును తట్టి చూస్తారు. గట్టి రాయి అయితే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లగా బొదబొదమంటుంది. ఖంగుమన్న చప్పుడు వినేదాకా ఎవరూ అక్కడ చెయ్యి చాపరు. మొగిలి ముప్పై ఏళ్లపాటు రోజూ తట్టి చూశాకే పని మొదలుపెట్టేవాడు. పైకి వచ్చాక తట్టి చూడమని ఎవరూ చెప్పలేదు, తట్టవలసిన అవసరం ఉందని అతనికీ తోచలేదు. పాపం చేతులు పైన కప్పు లేదన్న సంగతి తెలియకుండానే ఇన్నాళ్లూ జాగ్రత్తగా ఉన్నాయి.

"ఏం తగుల్తలే," అన్నాడు మొగిలి.

"ఏం తగుల్తది? ఏమన్నుంటెగా తగిలేటందుకు!" అంది నాగవ్వ. ఆ మాట అంటూనే అతని పిడికిళ్ల వైపు చూసింది. ముద్దలు కలిపి పెట్టిన రోజులు ఆమెకూ అప్పుడే గుర్తొచ్చి ఉంటాయి.

మొగిలి మునివేళ్ల మీద లేచి ఇంకా పైకి పొడిచాడు. ఏమీ లేదు. కర్రను సరిగా తిప్పి పట్టుకుని, బంతి ముందు నిలబడి వెనక్కి ఎత్తాడు. చేతులు భుజం దాటాయి. చెవి దాటాయి. కర్ర వీపు వెనక్కి వాలింది. ఆ ఎత్తునుంచి నడుము ముందుగా, చేతులు వెనకాలగా కిందికి వచ్చిన దెబ్బకు గాలి చీరినట్టు చప్పుడైంది. ఒంటికి ఆ వేగం కొత్త. మొగిలి గిర్రున తిరిగి వెల్లకిలా పడ్డాడు. బంతి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

"అయ్యో, సచ్చిండు!" అని నాగవ్వ కంచె దూకబోయింది.

"సావలే చిన్నమ్మా!" అని మమతారాణి గంతులేసింది. "పడితె పడ్డడు. చేతులు పోయినయి! పైకి పోయినయి!"

ఒక్కరోజులో అంతా అయిపోయిందనుకుంటే పొరపాటు. మరుసటి బంతికి చేతులు మళ్లీ భుజం దగ్గర ఆగాయి. పైకి తట్టి చూసి కొడితే లేస్తాయి, తట్టకుండా కొడితే లేవవు. ప్రతి బంతికీ తట్టడమంటే ఆట లయ చెడుతుందని మమతారాణి మొదట ఒప్పుకోలేదు. రెండు రోజులు వేరే దారులన్నీ వెతికింది. చివరికి ఆమే ఒక ఉపాయం చేసింది. కర్ర తిరగేయకుండానే పైకి పొడిచి, చేతుల్ని అట్లాగే కిందికి దింపి, ఆ ఎత్తు మనసులో ఉండగానే వెంటనే వెనక్కి లేపమంది. మొగిలి పట్టుకున్నాడు. పడకుండా నిలవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. కొట్టిన తర్వాత చేతుల్ని ఆపకుండా ఎడమ భుజం మీదికి పోనిస్తే, ఛాతీ బంతి పోయినవైపు తిరిగి, ఒళ్లు దానంతట అదే నిలబడుతుంది. అదీ నేర్చుకున్నాడు. రిటైరు కాబోతున్న మనిషి నేర్చుకున్నాడు. నలభై దాటగానే ఇక మాతో కాదని కుర్చీల్లో కూలబడేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

ఆడించి చూసే పొద్దు రానే వచ్చింది. ఆదివారం. క్లబ్బు సెక్రెటరీ సారు లెక్క చూడటానికి కూర్చున్నాడు. కాలనీ ఆడవాళ్లు కొందరు నాగవ్వతో కలిసి వచ్చి మడుగు అవతలి గట్టున చేరారు. మొగిలి ప్రతి బంతికీ ముందు కర్ర పైకెత్తి గాలిని తట్టి చూస్తుంటే మొదట్లో నవ్వులు వినబడ్డాయి. సగం ఆట అయ్యేసరికి నవ్వులు తగ్గాయి. కుమారస్వామి బంతి దూరం పోతుంది కానీ ఒక్కోసారి తుమ్మచెట్లలోకి కూడా పోతుంది. మొగిలి బంతి అంత దూరం పోదు, కానీ పోవాల్సిన చోటికే పోతుంది. చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి దెబ్బలూ సమానం.

ముందు కుమారస్వామి కొట్టాడు. బంతి మడుగు దాటి గట్టు మీద పడింది. చప్పట్లు.

మొగిలి వచ్చి నిలబడ్డాడు. కర్ర పైకెత్తాడు.

"సార్, గిదేం నాటకం?" అని కుమారస్వామి సెక్రెటరీ వైపు తిరిగాడు. "ప్రతిసారి గిట్ల దేవునికి దండం పెట్టుకుంట నిలబడితె ఆటెప్పుడయితది? ఇగ ఆపుమనుండ్రి."

సెక్రెటరీ సారు గడియారం చూసుకున్నాడు. మనిషికి టీ మీద ధ్యాస. "మొగిలీ, ఈ ఒక్కటి అది లేకుండా కొట్టరాదూ? తొందరగా అయిపోతుంది."

మమతారాణి అడ్డం వచ్చింది. "సార్, ఆలస్యం లెక్కవెట్టుండ్రి, ఉంటె తప్పువెట్టుండ్రి. కానీ గది అతని పద్ధతి. కుమారన్న కొట్టేముందు బంతిని ముద్దువెట్టుకుంటడు. మనం ఆపినమా?"

ఆడవాళ్లు నవ్వారు. కుమారస్వామి ముఖం ఎర్రబడింది. సెక్రెటరీ సారు కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఈ గొడవలో మొగిలి చేతులు దిగిపోయాయి. మళ్లీ ఎత్తాలంటే అందరూ చూస్తున్నారు. అతను మడుగు వైపు చూశాడు. చుట్టూ తిప్పి కొడితే పరువుగా ఓడిపోవచ్చు. నీళ్లలో పడితే నవ్వులపాలు. అవతలి గట్టున నాగవ్వ నిలబడి ఉంది.  తన రెండు చేతులూ నెత్తిమీదికి ఎత్తి, ఎంత పైకి పోతాయో అంత పైకి చాపి, అట్లాగే నిలబడింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను వింతగా చూశారు. ఆమె దించలేదు.

మొగిలి కర్ర పైకెత్తాడు. ముందు, కుడి, ఎడమ. దింపాడు. ఆగకుండా వెనక్కి లేపాడు. ఎడమ చెయ్యి చాపి, కుడి మోచెయ్యి మడిచి, చేతులు చెవులు దాటి పోయాయి. నడుము తిరిగింది. చేతులు వచ్చాయి. బంతి మడుగు మీదుగా పోయి, గట్టు దాటి, కుమారస్వామి బంతికి చాలా ముందు, గుంత చుట్టూ పరిచిన ఇసుక అంచున పడింది. మొగిలి పడలేదు. కర్ర భుజం మీద వేసుకుని, ఛాతీ అటువైపు తిప్పి, ఫొటోకు నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

కంగారులో కుమారస్వామి తన రెండో బంతిని మరీ బలంగా కొట్టి ఇసుక దాటించేశాడు. అక్కడ్నుంచి అతనికి ఇంకో మూడు దెబ్బలు పట్టాయి, ఇసుక అంచు నుంచి మొగిలికి రెండే. ఆట ముగిసింది.

సెక్రెటరీ సారు నిలబడి జట్టు పేర్లు చదివాడు. చివర్న, "కార్మికుల తరఫున, మొగిలి," అన్నాడు.

మొగిలి కర్ర నేలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఉన్న సార్," అన్నాడు.

కుమారస్వామి వచ్చి చెయ్యి కలిపాడు. మంచివాడే, నోరే కాస్త ఎక్కువ. "నీళ్లళ్ల ఏస్తవనుకున్న మొగిలన్నా," అన్నాడు.

"నేను గూడ గదే అనుకున్న," అన్నాడు మొగిలి.

అందరూ టీకి పోయారు. మమతారాణి రమ్మని పిలిచింది. మొగిలి తర్వాత వస్తానన్నట్టు తల ఊపి, జేబు నిండా పాత బంతులు వేసుకుని మళ్లీ మడుగు దగ్గరికి నడిచాడు. ఈసారి లెక్క చూసేవాళ్లు లేరు. ఒకటి పెట్టాడు, కొట్టాడు, దాటింది. ఇంకొకటి కొట్టాడు, అదీ దాటింది. మూడోదానికి పైకి తట్టడం మరిచిపోయాడు. చేతులు మాత్రం మరిచిపోకుండా పైదాకా పోయాయి. అది అతను గమనించలేదు, అప్పటికే నాలుగోది పెడుతున్నాడు.

అవతలి గట్టున నాగవ్వ కొంగు దోపుకుని, పడిన బంతులు ఏరుతూ తిడుతోంది.

"జర మెల్లగ కొట్టయ్యా, నేనేమన్న పరుగుల పోటీల ఉన్ననా? ఏయ్, ఇంకోటి ఎక్కడ వడ్డదో చూపియ్యి! సరే, కొట్టు. ఉన్న గదా, కొట్టు!"